చెలిమికి గీటురాయి

ఉద్దేశం: ఆత్మీయత ముసుగులో జరిగే దోపిడీని గుర్తించే వివేకాన్ని, ఎదుటివారి ఇష్టాయిష్టాలను మన్నించే సంస్కారాన్ని విద్యార్థులలో పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

గిరీశం పేరు వినగానే తెలుగువారి పెదవులపై చిరునవ్వు మెదులుతుంది. 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శితమై, 1897లో అచ్చయి, 1909లో బాగా మారిన రూపంలో వెలువడిన ‘కన్యాశుల్కం’ నాటకంలో గురజాడ అప్పారావు సృష్టించిన ఆ పాత్ర మాటకారి, సమయస్ఫూర్తి గలవాడు, ఆపదలో చిక్కినప్పుడెల్లా ఒడుపుగా జారుకోగలవాడు. నూరేళ్లకు పైగా ప్రేక్షకులు అతని మాటలకు నవ్వుతూనే ఉన్నారు. అయితే నాటకాన్ని గిరీశం వైపు నుండి కాక బుచ్చమ్మ వైపు నుండి చదివినవారికి ఆ నవ్వు అంత తేలికగా రాదు.

గిరీశం కృష్ణరాయపురం అగ్రహారానికి దొంగవలె గోడ దూకి రాలేదు. శిష్యుడైన వెంకటేశం వెంట, గురువన్న గౌరవంతో, వీధి గుమ్మం గుండానే వచ్చాడు. పరీక్ష తప్పి తండ్రికి జడుస్తున్న ఆ బాలునికి అండగా నిలిచి, ఆ భయాన్నే తన ప్రవేశానికి దారిగా మలచుకొన్నాడు. వానికి చుట్ట కాల్చడం నేర్పినవాడు కూడా అతడే. పెద్దలకు చెప్పరాని అలవాటు ఒకటి ఇద్దరి మధ్య ఉంటే శిష్యుడు గురువును దాటిపోలేడు. ఇల్లు చేరిన తరువాత తల్లి వెంకమ్మకు కుమారుని ఇంగ్లీషు చదువుపై గల మురిపాన్ని, తండ్రి అగ్నిహోత్రావధానులకు వ్యాజ్యాలపై గల వ్యామోహాన్ని కనిపెట్టి, ఎవరికి తగిన మాట వారికి చెప్పి మెప్పు పొందాడు. ఆ పిదపనే, చిన్ననాటనే భర్తను కోల్పోయి పుట్టింట మగ్గుతున్న బుచ్చమ్మపై దృష్టి సారించాడు. ఆమెకు అతడు వినిపించినవి నీచమైన మాటలు కావు; వితంతు వివాహమనే ఉన్నతాదర్శాన్ని వినిపించాడు. చెల్లెలు సుబ్బిని ముసలి లుబ్ధావధానులకు కట్టబెట్టకుండా ఆపవచ్చునన్న ఆశ కూడా ఆమె ఇల్లు విడవడానికి ఒక కారణమైంది. చెల్లెలిపై ఆమెకు గల ప్రేమయే అతనికి పనిముట్టయింది.

బాలల రక్షణకై పనిచేసేవారు ఈ పద్ధతిని ‘గ్రూమింగ్’ అంటారు. తెలుగులో దీనికి ‘మచ్చిక చేసుకోవడం’ అన్న మాట ఎప్పటినుండో ఉంది. పశువులకు వాడే మాటను మనుషుల విషయంలో వాడవలసి రావడం బాధాకరమే గాని, ఇంతకంటె తగిన మాట దొరకదు.

మచ్చిక చేసేవాడు తొందరపడడు. ముందుగా ఒంటరితనాన్ని వెదకుతాడు. ఇంట్లో ఎవరూ పట్టించుకోని పిల్ల, ఊరు విడిచి వచ్చి వసతిగృహంలో బెంగపెట్టుకొన్న కుర్రవాడు, మార్కులు తగ్గి మందలింపులు తింటున్న విద్యార్థి అతని కంట ముందుగా పడతారు. వారి గోడును ఓపికగా వింటాడు. ఇంత చక్కగా వినేవారు లోకంలో వేరొకరు లేరనిపిస్తాడు. తరువాత చిన్న చిన్న కానుకలు, సెల్‌ఫోనుకు రీఛార్జి, ఒకనాటి పరీక్ష రుసుము. అవి బాకీ అని అతడు ఆనాడు అనడు. ఆ మాట అవసరమైననాడు అంటాడు. నెమ్మదిగా ‘ఇది మనిద్దరి మధ్యనే ఉండాలి’ అన్న నియమం వస్తుంది. పాత స్నేహితులలో ఒక్కొక్కరిలో ఒక్కొక్క లోపం చూపుతాడు. తల్లిదండ్రులకు బిడ్డ విలువ తెలియదంటాడు. చుట్టూ ఉన్న తలుపులన్నీ ఒకటొకటిగా మూతపడిన పిదప మొదటి కోరిక బయటపడుతుంది. కాదంటే అలుక, ఆపైన నిష్ఠూరం, ఆపైన బెదిరింపు.

ఈ పని చేసేవారు పురుషులే కానక్కరలేదు, పరాయివారే కానక్కరలేదు. దగ్గరి బంధువు, కుటుంబ మిత్రుడు, పై తరగతి విద్యార్థి, ఆటలు నేర్పే శిక్షకుడు, గురుస్థానంలో ఉన్న వ్యక్తి, తెరపై తప్ప ముఖమెరుగని అంతర్జాల మిత్రుడు – ఎవరైనా కావచ్చు. కేంద్ర స్త్రీ, శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ 2007లో వెలువరించిన అధ్యయనం ఈ సత్యాన్ని అంకెలలో చూపింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌తో సహా 13 రాష్ట్రాలలో 12,447 మంది బాలలను ప్రశ్నించగా, 53.22 శాతం మంది ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపుకు గురైనట్లు చెప్పారు. వేధించినవారిలో దాదాపు సగం మంది ఆ పిల్లలకు తెలిసినవారు, వారి నమ్మకాన్ని చూరగొన్నవారు. అలా వేధింపుకు గురైనవారిలో బాలురు 52.94 శాతం ఉండటం చాలామందిని నివ్వెరపరచింది. ఇది ఆడపిల్లల సమస్య మాత్రమేనన్న భావన వల్ల మగపిల్లల బాధ కంటికి కనబడకుండా పోతున్నది. ఆ పిల్లలలో అత్యధికులు జరిగినదానిని ఎవరితోనూ చెప్పుకోలేదు.

ఎందుకు చెప్పుకోలేదన్నదే అసలు ప్రశ్న.

తెలుగునాట ఆడపిల్లకు చిన్ననాటి నుండి వినిపించే సామెత ఒకటి ఉంది: ముల్లు వచ్చి ఆకు మీద పడినా, ఆకు వచ్చి ముల్లు మీద పడినా చేటు ఆకుకే. ఈ సామెత లోకరీతిని చెబుతున్నదే గాని ముల్లు బాధ్యతను గురించి ఒక్క మాటైనా చెప్పదు. దీనిని విని పెరిగిన పిల్ల తనకు హాని జరిగిననాడు ముందుగా తనలోనే తప్పు వెదుక్కొంటుంది. మగపిల్లవానికి మరొక రకమైన సంకెల ఉంది. మగవాడు ఏడవరాదు, మగవానికి ఇటువంటివి జరగవు అన్న మాటలు వాని నోటికి తాళం వేస్తాయి.

ఇండ్లలో చెప్పే జాగ్రత్తలు సాధారణంగా ఇలా ఉంటాయి: ఎవరితోనూ మాట్లాడరాదు, ఏమైనా జరిగితే కుటుంబం తలెత్తుకోలేదు, ఏ చిన్న కబురు చెవిన పడినా చదువు మానిపించి పెండ్లి చేస్తారు. ఈ మాటలు ప్రేమ నుండే పుడతాయనడంలో సందేహం లేదు. కాని వాటి ఫలితాన్ని నిదానంగా ఆలోచించాలి. బెదిరించేవాని చేతిలో ఉండే ఆయుధం కత్తి కాదు, ‘మీ నాన్నకు చెబుతాను’ అన్న ఒక్క వాక్యం. ఆ వాక్యానికి బలాన్నిచ్చేది ఇంట్లో నేర్పిన భయమే. పొరపాటు చేసినా ఇంటి తలుపు తెరిచే ఉంటుందని తెలిసిన పిల్లను ఆ వాక్యం ఏమీ చేయలేదు. భయపెట్టి కాపాడుదామనుకొన్న పెద్దలు తెలియకుండానే మోసగాని పక్షాన నిలిచినట్లవుతున్నది. కనుక యువతకు నేర్పవలసినది లోకులందరినీ అనుమానించడం కాదు. మంచి సంబంధం ఎలా ఉంటుందో తెలిసినవారికి చెడ్డది ఎదురైనప్పుడు తేడా వెంటనే తెలుస్తుంది.

మచ్చికలోని తొలి మెట్లు మంచి స్నేహం వలెనే కనబడతాయి గనుక ముఖం చూచి, మాట తీరు చూచి మనిషిని నిర్ణయించడం సాధ్యం కాదు. సంబంధం నడుస్తున్న తీరును గమనించాలి. అన్నింటికంటె పెద్ద పరీక్ష ‘వద్దు’ అన్న మాట. ఒక చిన్న విషయంలో, సినిమాకు రాననో, ఫోటో పంపననో చెప్పినప్పుడు ఎదుటివారు ఆ మాటను మామూలుగా స్వీకరిస్తే అక్కడ గౌరవం ఉన్నట్లు. అలిగి, ‘నామీద ప్రేమ ఉంటే ఒప్పుకొనేవారు’ అని తూకం వేస్తే, ఆ ప్రేమ బేరంలోకి దిగినట్లు. స్నేహం వల్ల లోకం విశాలమవుతున్నదా, ఇరుకవుతున్నదా అన్నది కూడా చూడాలి. మంచి చెలిమి ఉన్నచోట చదువు, పాత స్నేహితులు, ఇంటివారు అందరూ మిగిలే ఉంటారు. రోజూ ఎక్కడ ఉన్నదీ లెక్క చెప్పమనడం, ఫోను తీసి చూడటం, పాస్‌వర్డు అడగటం, ఫలానావారితో మాట్లాడవద్దని ఆంక్ష పెట్టడం – వీటిని కొందరు గాఢమైన ప్రేమగా పొరబడుతున్నారు. చలనచిత్రాలు ఆ పొరపాటును కొంత పెంచాయి కూడా. నిజానికి అది కాపలా.

రహస్యానికీ ఏకాంతానికీ తేడా ఉంది. ప్రతి మనిషికీ తన మనసులోని మాటలు తనలో దాచుకొనే హక్కు ఉంది; ఇద్దరు మిత్రుల ముచ్చట్లు ఊరంతటికీ తెలియనక్కరలేదు. కాని ‘ఎవరికైనా చెప్పావో...’ అన్న హెచ్చరికతో వచ్చే రహస్యం వేరు. మొదటిది మనశ్శాంతినిస్తుంది, రెండవది నిద్రను హరిస్తుంది.

ఇంతవరకు చెప్పినది మోసపోకుండా ఉండటం గురించి. దీనికి రెండవ పార్శ్వం ఉంది. దానిని గురించి తరగతి గదులలో మాట్లాడటం తక్కువ. 2008 డిసెంబరులో వరంగల్లులో ఇద్దరు ఇంజినీరింగు విద్యార్థినులపై యాసిడ్ దాడి జరిగింది. వారిలో ఒకరు మరణించారు. నిందితులైన యువకులు కొద్ది రోజులకే పోలీసు కాల్పులలో చనిపోయారు. ఆనాడు ఆ కాల్పులను హర్షించినవారు ఉన్నారు, ప్రశ్నించినవారు ఉన్నారు. కాని ఒక యువకుడు తిరస్కారాన్ని అవమానంగా, అవమానాన్ని పగగా మార్చుకొనే మనఃస్థితికి ఎలా చేరుకొంటాడన్న విచారణ అంతగా జరగలేదు. వెంటపడగా వెంటపడగా నాయిక మనసు కరుగుతుందని తెర నేర్పిన పాఠాన్ని సరిదిద్దే పాఠం బడిలో లేకపోవడం ఒక కారణం. ‘కాదు’ అన్న సమాధానం బాధ కలిగిస్తుంది. ఆ బాధ సహజమైనది. దానిని స్నేహితునితో చెప్పుకోవచ్చు, కన్నీరు పెట్టుకోవచ్చు, కాలానికి వదిలివేయవచ్చు. బాధ పడే హక్కు ఉన్నదే గాని బాధపెట్టే హక్కు అందులో నుండి పుట్టదు.

చట్టం ఈ విషయాలలో చాలా దూరం నడిచింది. 2012 నవంబరు 14న అమలులోకి వచ్చిన పోక్సో చట్టం 18 ఏండ్లు నిండని బాలబాలికలందరినీ సమానంగా కాపాడుతుంది. ఆ వయస్సులోపు వారి అంగీకారాన్ని చట్టం అంగీకారంగా లెక్కించదు. జూనియర్ కళాశాల విద్యార్థులలో ఎక్కువమంది ఈ పరిధిలోనే ఉన్నారు కనుక, పరస్పర ఇష్టంతో ఏర్పడిన సంబంధం కూడా చట్టం ముందు నేరం కాగలదని వారు తెలిసికొనడం అవసరం. ఈ వయోపరిమితిపై న్యాయస్థానాలలో చర్చ సాగుతూ వచ్చినా చట్టం మారలేదు. బాలల వాంగ్మూలాన్ని వారి ఇంటిలోనో, వారు కోరిన చోటనో తీసికొనాలి. సాధ్యమైనంత వరకు మహిళా పోలీసు అధికారి తీసికొనాలి. ఆ సమయంలో పోలీసు దుస్తులు ధరించరాదు. బాధితుల పేరును పత్రికలు వెల్లడించరాదు. నేరం జరిగిందని తెలిసినవారు పోలీసులకు తెలియజేయడం విధి, దాచిపెట్టడం శిక్షార్హం. ‘పరువు పోతుంది, ఇక్కడితో వదిలేద్దాం’ అనే విద్యాసంస్థకు ఈ నియమం వర్తిస్తుంది.

ఒకరు వద్దంటున్నా పదేపదే వెంటపడటం, అంతర్జాలంలో వారి కదలికలపై కన్నేసి ఉంచడం 2013 చట్టసవరణతో నేరాలయ్యాయి. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షను ఆ నిబంధననే కొనసాగించింది. ఫోటోల విషయంలో 77వ సెక్షను చెప్పే మాట యువతకు మరింత ముఖ్యం. ఒక స్త్రీ తన ఏకాంత చిత్రాన్ని తీయడానికి అంగీకరించినా, ఇతరులకు పంపడానికి అంగీకరించకపోతే, పంపినవాడు నేరస్థుడే. కాబట్టి ఫోటో పంపినందుకు తానే దోషినని కుమిలిపోతూ బెదిరింపులకు లొంగనక్కరలేదు. దోషం బెదిరించినవానిదే. చిత్రంలో ఉన్నవారు 18 ఏండ్లలోపు వారైతే సమాచార సాంకేతిక చట్టం కూడా కఠినంగా శిక్షిస్తుంది. స్నేహితుని ఫోను నుండి వచ్చిన అటువంటి చిత్రాన్ని తమాషాకు మరొకరికి పంపినవారు ఈ సంగతిని మరువరాదు.

మచ్చిక వ్యాపారంగా మారినప్పుడు దాని పేరు మనుషుల అక్రమ రవాణా. కరవు పీడిత ప్రాంతమైన పూర్వపు అనంతపురం జిల్లా నుండి, ముఖ్యంగా కదిరి పరిసరాల నుండి, పని ఇప్పిస్తామనీ పెండ్లి చేసికొంటామనీ చెప్పి స్త్రీలను దూర నగరాలకు తరలించిన ఉదంతాలు ఎన్నో వెలుగులోకి వచ్చాయి. అక్కడ కూడా తొలి అడుగు తెలిసినవారి మాట మీదనే పడుతుంది. బాధితురాలు తానుగా ఒప్పుకొని వెళ్లిందన్న వాదన అక్రమ రవాణా నేరంలో చెల్లదని చట్టం స్పష్టంగా చెబుతున్నది. హైదరాబాదులో 1996లో ‘ప్రజ్వల’ సంస్థను నెలకొల్పిన వారిలో ఒకరైన సునీతా కృష్ణన్ ఇటువంటి స్త్రీలను, బాలికలను విడిపించి, వారికి చదువు, ఉపాధి కల్పించే పనికి అంకితమయ్యారు. భారత ప్రభుత్వం 2016లో ఆమెను పద్మశ్రీతో గౌరవించింది. ఆమె భర్త రాజేష్ టచ్‌రివర్ దర్శకత్వం వహించిన ‘నా బంగారు తల్లి’ 2013 సంవత్సరానికి ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం పొందింది. అందులో ఆడపిల్ల నమ్మి మోసపోయినది పరాయివానిని కాదు, కన్నతండ్రిని. ఆ కథ ప్రేక్షకులను అంతగా కలచివేయడానికి కారణం అదే.

ఈ విషయాలను తరగతిలో చెప్పవచ్చునా అన్న సందేహం మన దేశంలో చాలాకాలంగా ఉంది. 2005లో కౌమార విద్యా కార్యక్రమం దేశవ్యాప్తంగా మొదలైనప్పుడు కొందరు తల్లిదండ్రులు, నాయకులు అభ్యంతరం తెలిపారు. 2007లో కొన్ని రాష్ట్రాలు దానిని నిలిపివేశాయి. తెలియని పిల్లలకు లేనిపోనివి తెలుస్తాయన్నది వారి భయం. ఆ భయాన్ని తేలికగా కొట్టివేయనక్కరలేదు. ఏ వయస్సుకు ఏది చెప్పాలన్న విచక్షణ లేని బోధన మేలు చేయదు. కాని వివిధ దేశాల అనుభవాలను సమీక్షించిన యునెస్కో, ఇటువంటి విద్య వల్ల యువత తొందరపాటుకు లోనవుతారన్న వాదనకు ఆధారం లేదని తేల్చింది. సెల్‌ఫోను ప్రతి చేతిలోనూ ఉన్న కాలంలో ‘తెలియని పిల్లలు’ అన్న మాటే ఒక భ్రమ. బడి చెప్పకపోతే వేరొకరు చెబుతారు. వారి ఉద్దేశాలు మంచివి కాకపోవచ్చు. తెలంగాణలో 2015 నుండి జవాహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయ పరిధిలోని ఇంజినీరింగు కళాశాలలలో స్త్రీపురుష సమానతపై ఒక పాఠ్యాంశం ప్రవేశించింది. దానికై తెలుగు, ఇంగ్లీషు రెండు భాషలలో సిద్ధమైన పుస్తకాన్ని తెలుగు అకాడమీ ప్రచురించింది. 2024 సెప్టెంబరులో సర్వోన్నత న్యాయస్థానం కూడా బాలలపై లైంగిక దోపిడీకి సంబంధించిన ఒక తీర్పులో, సమగ్రమైన లైంగిక విద్యను అందించే విషయం పరిశీలించాలని కేంద్రానికి సూచించింది.

అయితే ఏ పాఠమైనా ఎంతవరకు ఉపకరిస్తుందన్నది విన్న మాటకంటె, చెప్పుకొనడానికి దొరికిన మనిషిపై ఆధారపడుతుంది. బాధలో ఉన్న విద్యార్థి సాధారణంగా ముందుగా తోటి విద్యార్థికే చెబుతాడు లేదా చెబుతుంది. ఆ క్షణంలో వినేవారి నోటి నుండి ‘నువ్వెందుకు వెళ్లావు?’ అన్న ప్రశ్న వెలువడితే సంభాషణ అక్కడితో ముగుస్తుంది. మరొకసారి ఆ నోరు తెరుచుకోకపోవచ్చు. చెప్పినది నమ్మాలి. తప్పు నీది కాదనాలి. దానిని నలుగురిలో చాటరాదు. అలాగని ఇద్దరే మోయడానికి పూనుకోరాదు. నమ్మదగిన ఒక పెద్దను – అమ్మ కావచ్చు, పిన్ని కావచ్చు, అధ్యాపకురాలు కావచ్చు – కలిసి వెళ్లి చూడాలి. మొదటి పెద్ద నమ్మకపోతే రెండవవారి వద్దకు పోవాలి. సందేశాలను, ఫోటోలను కోపంలో తుడిచివేయక సాక్ష్యంగా భద్రపరచాలి. ముంబయిలో 1996లో ప్రయోగాత్మకంగా ఆరంభమైన 1098 బాలల సహాయ సంఖ్య పగలూ రాత్రీ పనిచేస్తుంది. దానికి రుసుము లేదు. మహిళలకు 181, అత్యవసరానికి 112, అంతర్జాల మోసాలకు 1930 ఉన్నాయి. 1098కి ఫోను చేసేవారు బాధితులే కానక్కరలేదు. స్నేహితుని కోసం స్నేహితుడు కూడా చేయవచ్చు.

అభ్యాసం

1. గిరీశం బుచ్చమ్మ నమ్మకాన్ని చూరగొన్న తీరును వివరించి, అది నేటి యువతకు ఏ విధంగా వర్తిస్తుందో చర్చించండి.
2. భయంతో నేర్పిన జాగ్రత్త మోసగానికి ఎలా ఉపకరిస్తుంది?
3. రహస్యానికీ ఏకాంతానికీ గల భేదాన్ని సోదాహరణంగా తెలపండి.
4. ‘ముల్లు – ఆకు’ సామెతపై మీ అభిప్రాయాన్ని పది వాక్యాలలో రాయండి.